మూడో చెయ్యి

షెడ్డు తలుపుకు అడ్డంగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు బావగారు. ఒళ్ళో పేపరు, చేతిలో కాఫీ గ్లాసు. లేచే ఉద్దేశం ఉన్నవాడిలా లేడు.

“లేవండి బావగారూ,” అంది టాపులక్క.

జీపులకూ వ్యాన్లకూ టాపులు కుట్టే మనిషి కాబట్టి వీధి మొత్తం ఆమెను అలాగే పిలుస్తుంది. ఈ మధ్యాహ్నం ఆమె చేతిలో సూది లేదు. మూరెడు పొడవు ఇనప హ్యాండిలు ఉంది. పాత కార్లకు ముందువైపు గుచ్చి, తిప్పి స్టార్టు చేసే హ్యాండిలు. దాన్ని పట్టుకున్న తీరు చూస్తే ఆమె స్టార్టు చేయబోయేది కారునో, బావగారినో చెప్పడం కష్టం.

“సాయంత్రం దాకా ఎందుకమ్మా ఈ తంటా? హోటలాయన ఇప్పుడే క్రేను పంపిస్తానంటున్నాడు. అప్పగించేసి హాయిగా పడుకో,” అన్నాడు బావగారు.

“సాయంత్రం ఆరింటిదాకా అని ఒప్పుకున్నారు. పోయిన ఆదివారం, ఈ వాకిట్లోనే, అత్తయ్య ఎదురుగా.”

“నన్ను లాగకండి,” అని కిటికీలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “నేనప్పుడు పళ్ళసెట్టు కూడా పెట్టుకోలేదు.”

“వినడానికి పళ్ళెందుకు అత్తయ్యా?”



ఒప్పందం ముగ్గురికీ బాగానే గుర్తుంది. బావగారు షెడ్డును రేపు ఉదయం నుంచి ఒక సిమెంటు వ్యాపారికి అద్దెకిచ్చేశాడు. ఈ సాయంత్రానికి టాపులక్కకు పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల సంఘంలో సభ్యత్వం దొరికితే, వాళ్ళ గ్యారేజీలో కారుకు చోటు వస్తుంది. దొరక్కపోతే కారు హోటలాయనది. ఆయన దాన్ని నడపడు. హోటలు ముందు గడ్డిలో నిలబెట్టి, రెండు సీట్లలో రెండు పూలకుండీలు పెడతాడు. ఇంజను తీసేస్తే బరువు తగ్గుతుందని మొన్న వచ్చినప్పుడే కొలతలు తీసుకుని వెళ్ళాడు.

“తాళం నాది,” అన్నాడు బావగారు, వెనక్కి తిరక్కుండానే బొటనవేలితో కొత్త తాళాన్ని చూపిస్తూ. “తాళంచెవి నా బీరువాలో ఉంది. మా తమ్ముణ్ణి అడుగు, ఇమ్మంటే ఇస్తా.”

తమ్ముడు, అంటే టాపులక్క భర్త, మెట్టు మీద కూర్చుని గోళ్ళలోని నలుపును పుల్లతో తీసుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళుగా బ్యాటరీల షాపు నడుపుతున్నాడు. యాసిడ్ పడి చిల్లులు పడని చొక్కా అతనికి ఒక్కటీ లేదు.

“ఏవండీ, చెప్పండి,” అంది ఆమె.

అతను పుల్ల మార్చాడు. గోరు మార్చాడు.

అతను ఆమెతో మాట్లాడి పదకొండు రోజులైంది. తనతో చెప్పకుండా సంఘానికి దరఖాస్తు పంపిందని తెలిసిన రోజున, “పెద్దపెద్దవాళ్ళ ముందు నవ్వులపాలవుతావు, నన్నూ చేస్తావు,” అన్నాడు. అదే ఆఖరి మాట. ఆ తరువాత అన్నం వడ్డిస్తే తిన్నాడు, దీపం ఆర్పితే పడుకున్నాడు. ఆమె కూడా పంతం పట్టింది. ఆయన అడిగేదాకా కారు గురించి ఒక్క ముక్క చెప్పకూడదనుకుంది.

“సరే,” అంది టాపులక్క.

హ్యాండిలు కింద పెట్టి, ఏప్రను జేబులోంచి స్క్రూడ్రైవరు తీసింది. తాళం వేసిన వైపు కాదు, అవతలి వైపుకు వెళ్ళింది. తలుపు పై మడతబందుకు నాలుగు మరలు, కింద మడతబందుకు నాలుగు.

“ఏం చేస్తున్నావ్?” బావగారి కాఫీ తొణికింది.

“మీ తాళం జోలికి పోవట్లేదు. ఈ బందులు పోయిన వానాకాలంలో నేను బిగించినవి. నావి నేను తీసుకుంటున్నా.”

ఎనిమిదో మర ఊడగానే తలుపు తాళంతో సహా పక్కకు ఒరిగింది. ముక్కాలిపీట మీది నుంచి బావగారు ఎగిరి అవతల పడ్డాడు. పేపరంతా కాఫీ. తాళం మాత్రం చెక్కు చెదరలేదు.

కిటికీలో అత్తగారు నవ్వింది. ఈసారి పళ్ళసెట్టు పెట్టుకునే ఉంది.

షెడ్డులో కారు కనిపించింది. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, తీగల చక్రాలు, నడుము దగ్గర లోతుగా కోసినట్టుండే చిన్న తలుపులు. మూడేళ్ళ కిందట ఒక సర్వేయరుగారు చిరిగిన టాపు కుట్టమని దీన్ని తీసుకొచ్చాడు. కొలతలు తీసుకోవాలంటే కూర్చుని చూడమన్నాడు. కూర్చుంది. వీధి చివరిదాకా తిప్పాడు. మోచెయ్యి తలుపు మీద పెడితే కింద రోడ్డు చేతికందేటంత దగ్గరగా పరిగెత్తింది. ఇన్నేళ్ళుగా రోడ్డు మీదే బతుకుతున్నా రోడ్డు అంత దగ్గరగా ఎప్పుడూ కనిపించలేదామెకు. ఆ సర్వేయరుగారు చనిపోయే ముందు వీలునామాలో కారు ఆమె పేర రాశాడు. “టాపు కుట్టినావిడ ఇంజను గురించి నలభై ప్రశ్నలు అడిగింది. మా వాళ్ళలో ఎవరూ ఒక్కటీ అడగలేదు,” అని కాగితంలో కారణం కూడా రాశాడు.

“తొట్టి,” అంది అత్తగారు. ఆవిడ దాన్ని ఎప్పుడూ కారు అనలేదు. “టాపు మడిస్తే పైన కప్పులేదు, పక్కన అద్దాల్లేవు. సబ్బొక్కటే తక్కువ.”

“వస్తారా అత్తయ్యా? సంఘం అధ్యక్షుడు మీ పళ్ళ డాక్టరే.”

“ఆయనా?” అత్తగారి తల కిటికీలోంచి మాయమై గుమ్మంలో ప్రత్యక్షమైంది. “ఏడాదైంది సెట్టు కట్టి. కింద పన్ను ఇంకా గీసుకుంటూనే ఉంది. పద.”

రెండో సీటు నిండిపోయింది. టాపులక్క హ్యాండిలు గుచ్చి ఒక్క తిప్పు తిప్పింది. ఇంజను దగ్గి, సర్దుకుని, గొంతెత్తింది.

వాకిలి దాటుతూ అద్దంలోకి చూసింది. భర్త మెట్టు మీది నుంచి లేచి నిలబడ్డాడు. బావగారు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

*

సంఘం మైదానం చుట్టూ గోడ, ఒకటే గేటు. లోపల ఇరవై మూడు కార్లు వరసగా ఉన్నాయి. ఎంజీలు, ట్రయంఫులు, ముక్కు పొడుగు జాగ్వారు ఒకటి. అన్నిటి బానెట్లూ ఎత్తి ఉన్నాయి. పంటినొప్పితో బారులు తీరి నోళ్ళు తెరుచుకున్నట్టున్నాయి, పళ్ళ డాక్టరు వాటి మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు.

“సమయానికి వచ్చారు,” అన్నాడు టాపులక్కతో. “నియమం తెలుసుగా?”

“చదివాను.”

“అయినా చెప్పాలి, అదీ నియమమే. మేం మీ బండికి ఒక ముడి వేస్తాం. అంటే ఒక చిన్న లోపం పెడతాం. మీరు లోపల మాతో కూర్చుని టీ తాగుతారు. బయటికి వచ్చాక అరగంటలో ఆ ముడి మీ పనిముట్లతో, మీ చేత్తో విప్పాలి. ముడి వేసేది సంఘం చెయ్యి, విప్పేది మీ చెయ్యి. మూడో చెయ్యి పడకూడదు. పడితే దరఖాస్తు రద్దు.”

“కాపలా ఎవరుంటారు?”

“కాపలానా?” డాక్టరు నొచ్చుకున్నాడు. “పంతొమ్మిదేళ్ళుగా కాపలా పెట్టలేదమ్మా. ఇక్కడ అందరూ పెద్దమనుషులు.”

“డాక్టరుగారూ,” అంది అత్తగారు, నోట్లో వేలు పెట్టి చూపిస్తూ. “ఈ కింద పన్ను...”

“రేపు క్లినిక్కు రండి.”

“ఏడాదిగా ‘రేపు’ అంటున్నారు. మీ సంఘంలో ముడి విప్పడానికి అరగంటేనా? నా నోట్లో వేసిన ముడికి ఏడాది పట్టిందే?”

వరసలో ఎవరో పెద్దగా నవ్వారు. కార్యదర్శి. రిటైరైన పోస్టుమాస్టరమ్మ. ఆవిడది ఎర్ర ఎంజీ, చేతిలో ఎప్పుడూ సంఘం నియమావళి.

టీ గదిలో టాపులక్క కప్పు ముట్టుకోలేదు. ఎదురుగా కూర్చున్న రైలు డ్రైవరు బిస్కట్లు ముంచుకుని తింటూ ఆమెనే చూస్తున్నాడు.

“భయమా?”

“కోపం. నా బండిని అక్కడ ఒంటరిగా వదిలి, ఇక్కడ బిస్కట్లు చూస్తూ కూర్చోడమేంటని.”

“బాగుంది,” అన్నాడు రైలు డ్రైవరు. “నా బండికి ముడి వేసిన రోజు నేను మూడుసార్లు బాత్రూంకి వెళ్ళాను.”

అంతలో పళ్ళ డాక్టరు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ముడి పడింది. ఆయన తీరుబడిగా టీ తాగాడు. పది నిమిషాలు. బయట కారు దగ్గర సంఘం మనిషి ఒక్కరూ లేరు.

*

బయటికి రాగానే ఆమెకు మొదట కనిపించింది కారు కాదు. గోడవారగా నిలబడిన భర్త. ఎప్పుడొచ్చాడో. పక్కన అతని స్కూటరు. అతను చటుక్కున తల తిప్పుకున్నాడు.

కనీసం చూడ్డానికి వచ్చాడు. అది ధైర్యమో దిగులో తేల్చుకునే సమయం లేదు. డాక్టరు గడియారం నొక్కాడు.

స్టార్టరు నొక్కితే ఇంజను తిరుగుతోంది, అందుకోవడం లేదు. పెట్రోలు వస్తోంది. ప్లగ్గు తీసి ఇంజనుకు ఆనించి చూసింది, నిప్పు లేదు. ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు మూత విప్పింది. లోపల, ఒకదాన్నొకటి తాకాల్సిన రెండు పాయింట్ల మధ్య బియ్యపుగింజంత కాగితం ముక్క ఇరికించి ఉంది. పట్టకారుతో లాగి, వేలి కొన మీద పెట్టుకుని డాక్టరుకు చూపించింది.

“పద్నాలుగు నిమిషాలు,” అన్నాడు డాక్టరు. ఆయన ముఖంలో మెప్పు దాగలేదు. “స్టార్టు చెయ్యండి. ఒక్కసారి గట్టిగా రేజు చేసి చూపించండి, అయిపోయినట్టే.”

ఇంజను పలికింది. వరసలో రెండు మూడు చప్పట్లు వినిపించాయి. ఆమె యాక్సిలరేటరు నొక్కింది.

కరెంటు చూపించే అమ్మీటరు ముల్లు ఒక్క ఉదుటున చివరికి కొట్టుకుంది. బానెట్ కింద చిట్లిన చప్పుడు. తరువాత పొగ. రబ్బరు కాలిన ఘాటు వాసన.

“ఆపు, ఆపు!” ఎవరో అరిచారు.

ఆమె అప్పటికే స్విచ్చి కట్టేసి, కిందికి దూకి, స్పానరుతో బ్యాటరీ వైరు ఊడబీకింది. పొగ పలచబడింది. డైనమో కరెంటును బ్యాటరీకి కలిపే కటౌటు డబ్బా మూత తీసి చూస్తే లోపలి పాయింట్లు నల్లగా మాడి అతుక్కుపోయి ఉన్నాయి.

“ఇదేం ముడి డాక్టరుగారూ?” ఆమె మాట కత్తిలా వచ్చింది. “వైరింగ్ కాల్చడం కూడా మీ నియమావళిలో ఉందా?”

డాక్టరు ముఖం తెల్లబోయింది. “నేను పెట్టింది కాగితం ముక్క ఒక్కటే. ఒట్టు. బ్యాటరీ జోలికే పోలేదు.”

ఆమె బ్యాటరీ వైపు చూసింది. అది తను పెట్టినట్టు లేదు. మొత్తం పెట్టెను తిప్పి, వైర్లు తారుమారు చేసి, తీరుగా బిగించి ఉంది. చాలా తీరుగా. రెండు కొనల మీదా పలచగా గ్రీజు పూత, బొటనవేలితో ఒక్కసారే చుట్టినట్టు.

ఆ బొటనవేలు ఎవరిదో ఆమెకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఆ మరకను తువ్వాళ్ళ మీద ఉతుకుతోంది.

తల ఎత్తి గోడ వైపు చూసింది. అందరూ ఆమె చూపు వెంబడి చూశారు.

“నేనే తిప్పాను,” అన్నాడు ఆమె భర్త.

పదకొండు రోజుల తరువాత అతని మొదటి మాట.

“ఎందుకు?”

“వాళ్ళు నీ బండిని కాల్చేస్తారనుకున్నా.” అతను ముందుకొచ్చాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. “ఆయన బానెట్లో తలపెట్టి ఏదో చేసి వెళ్ళాడు. నేను వచ్చి చూస్తే బ్యాటరీ ప్లస్సు వైరు బాడీకి కొట్టి ఉంది. ఏ బండికైనా బాడీకి ఉండేది మైనస్సు. ఇన్నేళ్ళలో ఎన్ని వేల బళ్ళు చూశానో. ఇదే వాళ్ళ ముడి అనుకున్నా. తెలీకుండా స్టార్టు చేస్తే మొత్తం మాడిపోతుంది కదా అని...”

“దీనికి ప్లస్సే బాడీకి.”

“ఆఁ?”

“పుట్టుకే అంత. ఆ కాలం బ్రిటిష్ బళ్ళకి చాలావాటికి ప్లస్సే బాడీకి కొడతారు. ఈ వరసలో సగం బళ్ళు అంతే, వెళ్ళి చూడండి.”

అతను చూడలేదు. మాడిన కటౌటు డబ్బానే చూస్తూ ఉండిపోయాడు.

“నాకు చెప్పావా?” అన్నాడు చివరికి, మెల్లగా.

“మీరు అడిగారా?”

“పదకొండు రోజులు నోరు విప్పావా నువ్వు?”

“మీరు విప్పారా? నవ్వులపాలవుతావన్నారు. అయ్యాను. ఎవరి చేత?”

“నేను నిన్ను కాపాడదామని...”

“అదే కదా మీ అందరి బాధ! ఆయన షెడ్డుకి తాళం వేసి కాపాడతాడు, మీరు వైర్లు తిప్పి కాపాడతారు. ఏవండీ, ఇది ఎలా పనిచేస్తుందని ఒక్కసారి అడిగితే మీ సొమ్మేం పోయేది?”

 అత్తగారు నోరు తెరిచింది.

“బాగుందిరా. ఇంట్లో నోళ్ళకి కుట్లు వేసుకుని, ఊళ్ళోవాళ్ళ ముందు విప్పుకుంటున్నారు. తీరిగ్గా చూడ్డానికి నాకో కుర్చీ వెయ్యండి.”

పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “చూడమ్మా, నాకు బాధగానే ఉంది. మీవారి ఉద్దేశం మంచిదే. కానీ మూడో చెయ్యి పడింది. దరఖాస్తు...”

“గడియారం ఆపారా?”

“ఏమిటి?”

“గడియారం. ఆపారా, నడుస్తోందా?”

డాక్టరు చూసుకున్నాడు. “నడుస్తోంది. పంతొమ్మిది నిమిషాలైంది.”

“ఇంకా పదకొండున్నాయి. అయిపోయాక మాట్లాడండి.”

ఆమె ఏప్రను బిగించి బానెట్లోకి వంగింది. బ్యాటరీని తిప్పి పెట్టింది, ప్లస్సును బాడీకి బిగించింది. డైనమో నుంచి వచ్చే లావు వైరు ఊడదీసి, కొనకు టేపు చుట్టి పక్కకు కట్టేసింది. డైనమో లేకపోతే బ్యాటరీ నిండదు. కానీ ఉన్న చార్జీతో పగటిపూట పాతిక మైళ్ళయినా నడుస్తుంది. మాడిన వైరు ముక్క కోసి, కొత్తది వేసి మెలిపెట్టింది.

ఒకసారి స్పానరు జారి కింద పడింది. భర్త వంగబోయాడు.

“ముట్టుకోకండి!”

అతను చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఆమే తీసుకుంది.

ఇంజను పలికింది. గట్టిగా నొక్కింది. పొగ లేదు. ముల్లు కదల్లేదు.

“ఇరవై ఎనిమిది,” అన్నాడు డాక్టరు, ఎవరితోనో తెలియకుండా.

“మీరు వేసిన ముడి ఒకటి. మీరు వెయ్యని ముడి ఒకటి. రెండూ విప్పాను,” అంది టాపులక్క. “మీలో ఎవరైనా అరగంటలో రెండు విప్పారా?”

రైలు డ్రైవరు తల అడ్డంగా ఊపాడు.

“రెండు కాదు నాలుగు విప్పినా నియమం నియమమే,” అన్నాడు డాక్టరు. ఆయన గొంతులో మొండితనం గట్టిపడింది. “ఇవాళ మీవారు తిప్పారు. రేపు ఇంకొకరి అన్న, ఇంకొకరి మామ తిప్పుతాడు. మహా అయితే ఒకటి చేస్తాను. సభ్యుల ఓటుకు పెడతాను. గది తలుపులు వేసుకుని ఓటు వేస్తాం. ఫలితం వారంలో ఉత్తరం వస్తుంది.”

వారం. ఆమె గడియారం చూసుకుంది. నాలుగూ పది. గేటు బయట రోడ్డు మీద పసుపు రంగు క్రేను ఆగి ఉంది. దాని ముందు సీట్లోంచి బావగారు చెయ్యి ఊపాడు.

“వారం దాకా ఆగదు,” అంది.

“మేమేం చెయ్యలేమమ్మా.”

ఆమె కార్లో కూర్చుని గేరు వేసింది. ఆకుపచ్చ కారు వరస ముందు నుంచి నెమ్మదిగా కదిలి గేటు దాకా వెళ్ళింది.

“వెళ్ళిపోతోంది పాపం,” అన్నారెవరో.

వెళ్ళలేదు. సరిగ్గా గేటు మధ్యలో, ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా అడ్డంగా ఆపి, బ్రేకు లాగింది. దిగి, బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, లోపల్నించి బొటనవేలంత నల్లటి ముక్క లాగి గుప్పిట్లో పెట్టుకుంది.

మైదానంలో ఉన్న ఇరవై ముగ్గురికీ అదేమిటో తెలుసు. రోటరు. అది లేనిదే ఆ బండి బ్రహ్మదేవుడు తిప్పినా స్టార్టు కాదు.

“ఇప్పుడు వెయ్యండి ఓటు,” అంది టాపులక్క. “ఇక్కడే, నా మొహం చూస్తూ. అది అయ్యేదాకా ఇరవై మూడు బళ్ళలో ఒక్కటీ బయటికి పోదు.”

ఒక్కసారిగా గోల లేచింది. బెదిరింపన్నారు, సిగ్గులేదన్నారు. జాగ్వారాయన తోసేద్దామన్నాడు. “తొయ్యండి. తీగల చక్రాలు. ఒక్క తీగ వంగినా రేపు మీ సంఘం బోర్డు మీద ఏం రాస్తారో రాసుకోండి,” అందామె. పాత కార్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు పాత కారును తోసి గీతలు పెట్టలేరు. జాగ్వారాయన చక్రం దాకా వచ్చి, దాన్ని ఒకసారి నిమిరి, తిరిగి వెళ్ళిపోయాడు.

“నాకు ఐదింటికి రైలుంది తల్లీ,” అని రైలు డ్రైవరు చెయ్యెత్తాడు. “నా ఓటు నీకే.”

“రైలు కోసం వేసే ఓటు నాకొద్దు. బండి చూసి వెయ్యండి.”

ఆయన బిత్తరపోయాడు. తరువాత నిజంగానే వచ్చాడు. బానెట్లోకి వంగి, టేపు చుట్టిన వైరునూ, కొత్తగా వేసిన మెలికనూ వేలితో తడిమాడు. లేచి, ఈసారి టోపీ తీసి మరీ చెయ్యెత్తాడు.

“కార్యదర్శిగారూ,” అన్నాడు డాక్టరు కోపంగా. “బహిరంగ ఓటు చెల్లదని చెప్పండి.”

పోస్టుమాస్టరమ్మ నియమావళి తిరగేసింది. తీరిగ్గా, స్టాంపులు లెక్కపెట్టినట్టు.

“గదిలో వెయ్యాలని ఎక్కడా లేదండీ. అలవాటయింది, అంతే. ఇరవై ముగ్గురిలో పదహారు కావాలి.” పుస్తకం మూసి ఆవిడా చెయ్యెత్తింది. “రెండు.”

ఆ తరువాత చేతులు ఒక్కొక్కటే లేచాయి. వచ్చి చూసి ఎత్తినవాళ్ళు కొందరు. చూసి ఎత్తకుండా వెనక్కి వెళ్ళినవాళ్ళు ఏడుగురు. తొమ్మిది. పన్నెండు. పోస్టుమాస్టరమ్మ పైకే లెక్కపెడుతోంది.

బయట క్రేను గర్జించింది. వెనక్కి తిరిగి గేటు దగ్గరికి వస్తోంది.

“ఆరు కాలేదు బావగారూ!” అని అరిచింది టాపులక్క.

“సంఘం కాదందిగా! ఇక ఆరేంటి, ఏడేంటి?” బావగారు కిందికి దిగాడు. “ఏయ్, కొక్కెం దించు. ముందు యాక్సిలుకి తగిలించు.”

టాపులక్క రెండు అడుగులు వేసింది. అంతకన్నా ముందే ఇంకెవరో కారు ముందు నిలబడ్డారు. యాసిడ్ చిల్లుల చొక్కా.

“అన్నయ్యా,” అన్నాడు ఆమె భర్త. జీవితంలో అన్నకు ఎదురుచెప్పని మనిషి రెండు చేతులూ బారుగా చాపాడు. “ఆ కొక్కెం దించితే ముందు నాకు తగిలించు.”

“నీకు మతిపోయిందా? తప్పుకో.”

“ఈ బండి గురించి ఒక్కటి కూడా అడక్కుండా ఒకసారి ముట్టుకున్నాను. ఏమైందో చూశావుగా. నువ్వు ముట్టుకోకు.”

“అమ్మా, వీడికి చెప్పు!” అన్నాడు బావగారు.

అత్తగారు అప్పటికే తొట్టిలోకి, అంటే కారులోకి, ఎక్కి కూర్చుంది. “నాకు మోకాళ్ళు నొప్పి. దిగలేను. నన్నూ కలిపి ఎత్తుకుపొమ్మను, హోటలాయనకి కుండీ ఖర్చు తగ్గుతుంది.”

“పదిహేను,” అని పోస్టుమాస్టరమ్మ లెక్క ఆగిపోయింది.

పదిహేను చేతులు గాల్లో ఉన్నాయి. ఏడు కిందే ఉండిపోయాయి. మిగిలింది ఒక్కరు.

పళ్ళ డాక్టరు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని వరస మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చాడు. తొందరపడలేదు. బానెట్లోకి వంగి చాలాసేపు చూశాడు. తరువాత టాపులక్క ఎదురుగా నిలబడ్డాడు.

“పని బాగుంది. నా క్లినిక్కులో కూడా ఇంత శుభ్రంగా కుట్టరు,” అన్నాడు. “కానీ గేటు అడ్డం పెట్టి నా చేత ఓటు వేయించుకుందని రేపు ఈ సంఘంలో ఒక్కరు అన్నా, అది మీకూ మర్యాద కాదు, నాకూ కాదు.”

“మాటలొద్దు డాక్టరుగారూ. ఎత్తుతారా, ఎత్తరా?”

ఆయన జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు.

పైకి ఎత్తలేదు. ఆమె ముందుకు చాపాడు, అరచెయ్యి తెరిచి.

“ముందు ఆ రోటరు నా చేతిలో పెట్టండి. బండిని పక్కకు తోసి గేటు తెరవండి. ఆ తరువాత నా చెయ్యి ఎటు పోతుందో చూడండి.”

టాపులక్క గుప్పిట బిగుసుకుంది. వెనకాల, ఆమె భర్త తల మీదుగా, క్రేను గొలుసు కిర్రుమంటూ దిగడం మొదలుపెట్టింది.